‘నా తల నా ఇష్టం’ అన్న కుర్రవాడికి మీరు చెప్పవలసిన జవాబు

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ, పోలీసు శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను ముప్పై నాలుగేళ్లు జూనియర్ కళాశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. తెనాలిలో ఉంటున్నాను. కిందటి నెలలో ఒకరోజు పొద్దున్న మార్కెట్ దగ్గర నా ముందు వెళ్తున్న బండిని మీ కానిస్టేబులు ఆపారు. నడుపుతున్న కుర్రవాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని ఉన్నాడు. ఫోటో తీస్తున్న కానిస్టేబులును అతడు కోపంగా కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టుగానే అడిగాడు: “నా తల, నా ఇష్టం కదండీ. పగిలితే నాదే పగులుతుంది. మధ్యలో మీకేమిటి?” కానిస్టేబులు “చలానా వస్తుంది, వెళ్లు” అని మాత్రం అని పక్క బండి వైపు తిరిగారు. కుర్రవాడు హెల్మెట్‌ను మళ్లీ మోచేతికే వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ కానిస్టేబులును నేను తప్పుపట్టడం లేదు. ఎండలో నిలబడి రోజుకు ఇన్ని కేసులని రాసే మనిషి నడిరోడ్డు మీద పాఠం చెప్పలేరు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరో ఒకరు చెప్పి తీరాలి. మీ శాఖలు ఇన్నేళ్లుగా జరిమానా ఎంతో చెబుతూ వచ్చాయి గానీ, జరిమానా ఎందుకో ఆ కుర్రవాడు ఒప్పుకునేలా చెప్పలేదన్నది నా ఫిర్యాదు. చట్టం ఉండాలనే నేను గట్టిగా నమ్ముతాను. ఈ ఉత్తరాన్ని చట్టం పక్షాన నిలబడే రాస్తున్నాను.

ఆ ప్రశ్న కొత్తది కాదు, మన రాష్ట్రానికి అసలే కొత్తది కాదు. ద్విచక్రవాహనం నడిపేవారు హెల్మెట్ పెట్టుకోవాలని చెప్పే ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధన 498-ఎ మీదే సుప్రీంకోర్టుకు పిటిషను వెళ్లింది. దేశంలో స్వేచ్ఛగా సంచరించే హక్కును ఆ నిబంధన అడ్డుకుంటోందన్నది వాదన. 1988లో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. హెల్మెట్ ప్రయాణానికి అడ్డం కాదనీ, ప్రాణాన్ని కాపాడడానికి చేసిన ఏర్పాటు హక్కును హరించడం కాదనీ తేల్చింది. అంటే న్యాయపరంగా ఈ తగవు మన దగ్గర మొదలై దాదాపు నాలుగు దశాబ్దాల కిందటే తీరిపోయింది. కోర్టులో తీరిన తగవు తెనాలి మార్కెట్ దగ్గర మాత్రం ఇంకా తీరలేదు. కోర్టు తీర్పు నోరు మూయించగలదు గానీ మనసును ఒప్పించలేదు. ఒప్పించవలసిన పని మీది.

ఆ కుర్రవాడి ప్రశ్నలో నిజం లేకపోలేదు. మద్యం దుకాణాలకు ప్రభుత్వమే అనుమతులిస్తుంది, సిగరెట్టు పెట్టె మీద బొమ్మ వేసి అమ్మనిస్తుంది, ఈతరాని మనిషి కాలవలో దిగినా చలానా రాయదు. అలాంటప్పుడు తలమీది టోపీ దగ్గరే ఎందుకింత పట్టుదల అని అతడు అడిగితే, ఎదురు కసరడం జవాబు కాదు. మొదట అతడికి చెప్పవలసింది చట్టంలోనే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెట్ పెట్టుకోమన్నది బహిరంగ ప్రదేశంలో మాత్రమే. నీ పొలంలోనో నీ పెరట్లోనో నువ్వు బండి ఎలా నడుపుకున్నా ఆ సెక్షను నిన్ను అడగదు. రోడ్డు అందరిదీ. దానిమీద యంత్రాన్ని నడపడానికి నీకు లైసెన్సు ఇచ్చారంటే, కొన్ని షరతులకు నువ్వు సంతకం పెట్టావని అర్థం. కనబడిన ప్రతి చోటా నిన్ను కాపాడతామని ప్రభుత్వం వెంటపడడం లేదు. తాను వేసిన రోడ్డు మీద, తాను ఇచ్చిన లైసెన్సుతో తిరిగేటప్పుడు మాత్రమే అడుగుతోంది.

అంతకంటే పెద్ద జవాబు “పగిలితే నాదే పగులుతుంది” అన్న మాటలో ఉంది. ఆ మాట నిజం కాదు. దాన్ని నేను మా ఇంట్లోనే చూశాను.

మా బావగారు, అంటే మా అక్క భర్త, 2013 సంక్రాంతికి ముందు రోజుల్లో ఒక సాయంత్రం తెనాలి నుంచి ఊరికి బయలుదేరారు. నాలుగు కిలోమీటర్ల దారి. “ఊళ్లోకేగా” అని హెల్మెట్ మా ఇంటి వరండాలో మేకుకే వదిలేశారు. వరిగడ్డి వేసుకుని వెనక ఎర్రదీపం లేకుండా నిలిపి ఉన్న ట్రాక్టరు ట్రక్కును మసక చీకట్లో చూసుకోలేదు. వేగం నలభైకి మించదని వెనక వస్తున్నవాళ్లు చెప్పారు. మెదడులో రక్తం గడ్డకట్టింది. పుర్రె ఎముకలో ఒక ముక్క తీసి ఆపరేషన్ చేశారు. బతికారు. ఆ మాట వినగానే మేమంతా దేవుడికి దండం పెట్టుకున్నాం.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ భరించింది. ఆ తరువాత పన్నెండేళ్లకు పైగా భరిస్తున్నది అక్క. ఆయనకు పేర్లు గుర్తుండవు, కొన్నిసార్లు అక్క పేరు కూడా. మూర్ఛ మందులు ఒక్క పూట ఆపడానికి వీల్లేదు. అన్నం కలిపి పెట్టాలి, రాత్రి లేచి వీధిలోకి వెళ్లిపోకుండా తలుపు గడియకు తాళం వెయ్యాలి. ఎకరం ముప్పై సెంట్లలో ఎకరం అమ్మేశారు. మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడులో చదువు ఆపి ఎరువుల దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిరాడు. ఆ సాయంత్రం హెల్మెట్ వద్దనుకోవడం బావగారి ఇష్టమే, ఎవరూ కాదనలేరు. పగిలిన తల మాత్రం ఆయన ఒక్కరిదే కాదు. ఆయనకు ఇప్పుడు ఆ సాయంత్రమే గుర్తులేదు. గుర్తున్నది అక్కకు.

ఇలాంటి ఇళ్లు ఏ లెక్కలోనూ కనబడవు. ప్రమాదాల లెక్కల్లో చనిపోయినవారు ఒక వరుస, గాయపడినవారు ఒక వరుస. మా బావగారు ‘గాయపడినవారు’ అన్న వరుసలో ఒక అంకె. కాలు బెణికినవాడూ అదే వరుసలో ఉంటాడు. తలకు దెబ్బ తగిలి బతికి బయటపడినవారు మన రాష్ట్రంలో ఎందరున్నారో, వారిని ఎవరు చూసుకుంటున్నారో విడిగా లెక్కపెట్టి ప్రతి ఏటా ప్రకటించమని ఈ ఉత్తరంలో నా మొదటి కోరిక. ఆ లెక్క బయటికి వచ్చిన రోజున “నా ఇష్టం” అన్న మాట ఇంత తేలికగా నోటికి రాదు.

చనిపోయినవారి లెక్కయినా చిన్నది కాదు. కేంద్ర రవాణా శాఖ వెలువరించిన లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో ద్విచక్రవాహనాల మీద ఉన్నవారు 74,897 మంది. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వీరందరూ హెల్మెట్ ఉంటే బతికేవారని నేను అనను. లారీ చక్రం కింద పడినవాణ్ని ఏ హెల్మెట్టూ కాపాడలేదు. అధికారుల ప్రకటనల్లో అలాంటి అతిశయోక్తి వినబడినప్పుడల్లా జనానికి అసలు విషయం మీదే నమ్మకం పోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది హెల్మెట్ వల్ల మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతాయని. ఆ మేరకే లెక్కవేసుకున్నా ఒక్క ఏడాదిలో ఇరవై వేలకు పైగా ప్రాణాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆ లెక్కే చాలు.

ఆ 50,029 మందిలో మరో విషయం ఉంది. అందులో 14,337 మంది బండి నడుపుతున్నవారు కారు, వెనక కూర్చున్నవారు. ఇష్టాయిష్టాల వాదన ఇక్కడ పూర్తిగా కూలిపోతుందని నా అభిప్రాయం. మన రోడ్ల మీద వెనక సీటులో కూర్చునేది ఎక్కువగా ఎవరో మీకు తెలుసు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుని, ఒక చేత్తో సంచి, ఒళ్లో పసిబిడ్డను పట్టుకున్న ఆడమనిషి. ముందు భర్త తలమీద హెల్మెట్ ఉంటుంది, పోలీసులు చూసేది అతణ్నే గనుక. ఆమెకు రెండో హెల్మెట్ కొనాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆమెను ఎవరూ అడగలేదు కూడా. ఇంధనం ట్యాంకు మీద ముందు కూర్చున్న అయిదేళ్ల పిల్లవాణ్ని ఏ స్వేచ్ఛావాది అడిగాడు? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత, తలపాగా ధరించే సిక్కులకు తప్ప, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే పట్టీ ఉండాలనీ, బండి వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్ర నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. ఆ పట్టీ ఎలా ఉంటుందో మా పట్టణంలో ఒక్క దుకాణంలోనైనా నాకు కనబడలేదు. పిల్లల తలకు సరిపోయే హెల్మెట్ కావాలని మనవరాలి కోసం నాలుగు కొట్లు తిరిగాను. పెద్దవాళ్లదే ఇచ్చి “లోపల తువ్వాలు పెట్టండి” అన్నారు.

హెల్మెట్ ఎలా పనిచేస్తుందో కూడా మీరు చెప్పాలి. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం గనుక కొంచెం ఎక్కువసేపు చెబుతాను, మన్నించండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తల వెళ్లి దేనినైనా తాకితే, అది సుమారు ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడిన దానితో సమానం. అంటే మేడ మీద మేడ ఎక్కి అక్కడి నుంచి తలకిందులుగా దూకినట్టు. ఊళ్లోకే గదా, నెమ్మదిగానే గదా అనుకునే వేగం అది. దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందన్నది తల ఎంత వేగంగా వెళ్తోందన్నదాని మీదే కాక, ఎంత దూరంలో ఆగుతుందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఉత్త తల సిమెంటు రోడ్డును తాకితే కొన్ని మిల్లీమీటర్లలో ఆగిపోవాలి. హెల్మెట్ లోపల ఉండే థర్మోకోల్ వంటి పొర నలిగి తలకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం ఇస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లకే మనం డబ్బు ఇచ్చేది. పైన మెరిసే గట్టి చిప్ప ఒక్కటే ఉండి లోపల స్పంజి మాత్రమే ఉన్న మూడు వందల రూపాయల టోపీ ఆ దూరాన్ని ఇవ్వదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే తల రోడ్డును చేరేలోపే హెల్మెట్ ఎగిరిపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు, లోపలి పొర నలిగిపోయి ఉంటుంది. ఈ నాలుగు మాటలు లైసెన్సు పరీక్షకు వచ్చే ప్రతి పిల్లవాడికీ ఒక పగిలిన హెల్మెట్‌ను కోసి చూపించి చెప్పవచ్చు. పావుగంట పని.

హెల్మెట్ ఆలోచన పోలీసు స్టేషనులో పుట్టలేదని కూడా వారికి తెలియాలి. 1935లో ఇంగ్లండులో, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన సైనికాధికారి టి.ఇ. లారెన్స్ మోటారుసైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయినప్పుడు, ఆయనకు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ తరువాత ఆయన మోటారుసైకిళ్ల మీద చనిపోతున్న సైనికుల గురించి పరిశోధించి 1941లో వ్యాసం ప్రచురించారు. బ్రిటిష్ సైన్యం సందేశాలు మోసే తన మోటారుసైకిలు సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అక్కడి మామూలు పౌరులకు తప్పనిసరి కావడానికి 1973 దాకా పట్టింది, పార్లమెంటులో ఇదే స్వేచ్ఛ గురించి ఎంతో వాదన జరిగింది. కాపాడలేక చేతులెత్తేసిన వైద్యుడి బాధలోంచి వచ్చిన వస్తువు ఇది. దాన్ని మనం జరిమానా వస్తువుగా మార్చుకున్నాం.

బాధ్యత తామే తీసుకుంటాం, ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలి అనేవారికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఒక దారి చూపింది. 2000లో అక్కడ ఇరవై ఒక్క ఏళ్లు దాటినవారు, కనీసం పదివేల డాలర్ల వైద్య బీమా ఉంటే, హెల్మెట్ లేకుండా నడపవచ్చని చట్టం మార్చారు. తలకు పెద్ద గాయమైతే ఆ మొత్తం ఎన్నాళ్లకూ చాలదన్న విమర్శ ఉంది గానీ, స్వేచ్ఛ అడిగినవాడు ఖర్చు కూడా భరించాలన్న సూత్రాన్నయినా వారు ఒప్పుకున్నారు. మన దగ్గర అలా కాదు. బండి సొంతదారుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి అని పేరు, కానీ ఎన్ని బండ్లకు బీమా గడువు తీరిపోయిందో మీ కంప్యూటర్లకే తెలుసు. వెనక కూర్చున్న మనిషికి అది వర్తించదు. 2025 మే నుంచి కేంద్రం ప్రమాద బాధితులకు వారం రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం ఏర్పాటు చేసింది. రాష్ట్రంలో వైద్య సేవ పథకం ఉంది. అవి ఉండాలి, ఇంకా పెరగాలి. హెల్మెట్ పెట్టుకోలేదని ఎవరికీ వైద్యం నిరాకరించని సమాజంలో ఉండడం మనకు గౌరవం. అందరి డబ్బుతో వైద్యం చేయించుకునే హక్కు ఉన్నచోట, అందరి మాటా కొంత వినవలసిన ధర్మం కూడా ఉంటుంది.

సీటు బెల్టు సంగతిలో “నాదే పోతుంది” అన్న మాట మరీ అబద్ధం. వెనక సీటులో బెల్టు లేని మనిషి, కారు గుద్దుకున్న క్షణంలో ముందు కూర్చున్నవారి వీపు మీదికి కారు వేగంతోనే వెళ్లి పడతాడు. అంటే తన పక్కవారికి తానే ప్రమాదం. 2022లో బెల్టు లేకుండా చనిపోయిన 16,715 మందిలో దాదాపు సగం నడిపేవారు కాదు, ప్రయాణికులు. అదే ఏడు సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర వంతెన మీద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీటులో బెల్టు లేకుండా చనిపోతే దేశమంతా వారం రోజులు మాట్లాడుకుంది. మనకు అంతకు నాలుగేళ్ల ముందే, 2018 ఆగస్టులో నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణగారు పోయారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పోలీసులే చెప్పారు. ఎంత ఏడ్చాం! ఆ ఏడుపు వెనక సీటు బెల్టు దాకా రాలేదు. ప్రభుత్వ వాహనాల్లో వెనక కూర్చున్న అధికారులు బెల్టు పెట్టుకోవడం నేను ఇప్పటికీ చూడలేదు. మీరు ఈ ఉత్తరం చదివి ఇంకేమీ చేయకపోయినా, రేపు మీ కారులో వెనక కూర్చుని బెల్టు పెట్టుకోండి. మీ డ్రైవరు చూస్తాడు, మీ గన్‌మన్ చూస్తాడు.

ఇక అమలు గురించి. 2024 జూన్‌లో మన హైకోర్టు హెల్మెట్ నిబంధనను కచ్చితంగా అమలుచేయమని ఆదేశించింది. ఆ తరువాతి మూడు నెలల్లోనే హెల్మెట్ లేక 667 మంది చనిపోయారన్న లెక్క తన ముందుకు వచ్చినప్పుడు డిసెంబరులో తీవ్రంగా మందలించింది. దాని ఫలితంగా చలానాలు పెరిగాయి. చెట్టు చాటున నిలబడి, మలుపు తిరగగానే రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టడం కూడా పెరిగింది. పోలీసును చూసి బండి గిర్రున తిప్పుకుని ఎదురు దారిలో పారిపోయేవాళ్లను నేను కళ్లారా చూశాను. ప్రాణం కాపాడడానికి పెట్టిన తనిఖీ ప్రాణం తీయకూడదు. దూరం నుంచే కనబడేలా నిలబడండి.

వెయ్యి రూపాయల జరిమానా రోజుకూలీకి రెండు రోజుల కూడు, కాస్త కలిగినవాడికి ఒక పూట హోటలు ఖర్చు. అందుకే అది మొదటివాడికి అన్యాయంగానూ రెండోవాడికి అలవాటుగానూ తయారైంది. ఆ జరిమానా విధించే 194-డి సెక్షనులోనే మూడు నెలలు లైసెన్సు నిలిపివేత కూడా ఉంది. పదేపదే దొరికినవారి మీద దాన్ని వాడండి. మొదటిసారి దొరికిన పేదవాడి చేత హెల్మెట్ కొనిపించి పంపండి. కొత్త బండి అమ్మేటప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఒకటి ఇవ్వాలని కేంద్ర నిబంధన 138 చెబుతోంది. నేను బండి కొన్న షోరూములో దాన్ని ‘ఉపకరణాలు’ అని బిల్లులో కలిపారు. రిజిస్ట్రేషను మీ చేతిలో ఉంది. హెల్మెట్ ఇచ్చారో లేదో, దానిమీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడకుండా నంబరు ఇవ్వకపోతే చాలు.

మీకు కష్టం కలిగించే మాట ఒకటి చెప్పక తప్పదు. అదే 2019 సవరణ చట్టంలో 198-ఎ అనే సెక్షను ఉంది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణనష్టమో అంగవైకల్యమో కలిగితే, బాధ్యులైన అధికారులకు, గుత్తేదారులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మా తలకు వెయ్యి, గుంతకు లక్ష. వెయ్యి రూపాయలవి మా జిల్లాలో రోజూ పడుతున్నాయి. లక్ష రూపాయలవి ఇప్పటిదాకా ఎన్ని పడ్డాయో ప్రకటించండి. దీపం లేని ట్రాక్టరు ట్రక్కుల మీద, రాత్రిపూట రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యానికి అడ్డం పెట్టిన బండరాళ్ల మీద ఎన్ని కేసులు పెట్టారో కూడా చెప్పండి. ఆ కుర్రవాడు “నా ఇష్టం” అన్నప్పుడు అందులో సగం హెల్మెట్ మీద విసుగు, సగం అతడి వంతు తప్పకుండా అడుగుతూ తన వంతు ఎన్నడూ చెయ్యని ప్రభుత్వం మీద విసుగు అని నాకు అనిపించింది. మీ వంతు కనబడితే ఆ రెండో సగం పోతుంది.

వచ్చే జూన్‌లో బడులు తెరిచే రోజుకల్లా పిల్లల హెల్మెట్లు ప్రతి మండల కేంద్రంలో దొరికేలా చూడమని, కావాలంటే వసూలైన చలానాల సొమ్ములోంచే వాటికి రాయితీ ఇవ్వమని మనవి చేసుకుంటున్నాను. పిల్లలకు పాఠం చెప్పడానికి మనిషి కావాలంటే తెనాలి చుట్టుపక్కల ఏ బడికైనా, ఏ లైసెన్సు మేళాకైనా నేను సొంత ఖర్చుతో వస్తాను. బావగారి హెల్మెట్ ఇంకా మా వరండాలో మేకుకే ఉంది, గీత కూడా పడలేదు. దాన్ని కోసి లోపలి పొర చూపిద్దామని అక్కను అడిగాను. తీసుకెళ్లమంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి